పహాణీలో చెరిగిన కాలమ్

సర్కారూ సాగుదారూ: తొమ్మిదో భాగం

కామారెడ్డి జిల్లా డోంగ్లిలో పహాణీ అనే మాటకు అర్థం ఎవరినీ అడగక్కర్లేదు. మహారాష్ట్ర హద్దును ఆనుకుని ఉన్న ఈ ఊళ్లలో తెలుగు ఎంత వినిపిస్తుందో మరాఠీ కూడా అంతే వినిపిస్తుంది. మరాఠీలో 'పాహణే' అంటే చూడటం, 'పాహణీ' అంటే స్వయంగా వెళ్లి కళ్లారా చూసి రావడం. పట్వారీ చేను గట్టు మీద నిలబడి నేలెంత, పంటేమిటి, దున్నుతున్నదెవరు అని చూసి రాయాలి. అందుకే ఊరి భూముల లెక్క రాసే పుస్తకానికి ఆ పేరు.

పాత పహాణీ నకలు ఒకటి ముందు పెట్టుకుని ఒక్క వరుసను నిదానంగా చదవండి. మొదట సర్వే నంబరు. తర్వాత విస్తీర్ణం, ఎకరాల్లో గుంటల్లో. అందులోంచి బాటలు, రాళ్లగుట్టలు, వాగు కోసుకుపోయిన నేల తీసేస్తారు. దాన్ని పోట్‌ఖరాబు అంటారు. మిగిలింది కుష్కీయా, తరీయా, అంటే మెట్టా, మాగాణా. దాని పక్కన శిస్తు, ఈ రోజు చూస్తే నవ్వొచ్చేంత చిన్న అంకె. ఆ తర్వాత నీటి ఆధారం, ఖాతా నంబరు, పట్టాదారు పేరు. పట్టాదారు పక్కన ఇంకో పేరుకు చోటు ఉంటుంది: అనుభవదారు. ఆ మనిషి చేతికి ఆ నేల ఎలా వచ్చిందో, కొన్నాడా, తండ్రి ఇచ్చాడా, కౌలుకు తీసుకున్నాడా, అది కూడా రాయాలి. చివరికి పంట.

ఈ వారం చెప్పదలచుకున్నది ఆ అనుభవదారు కాలమ్ సంగతి. సర్కారు పన్ను పట్టడానికి పుట్టిన పుస్తకం నూటయాభై ఏళ్ల తర్వాత సర్కారు సాయం పంచే పుస్తకమైంది. అప్పుడూ ఇప్పుడూ ఆ ఒక్క కాలమ్ దగ్గరే పేదవాడికి అన్యాయం జరిగిందని నా నమ్మకం.

పోయిన వారం నిజాం దివాను చందూలాల్ హయాం దగ్గర ఆగాం. తాలూకాలను వేలంలో ఎక్కువ పాడినవాడికి గుత్తకిచ్చేవారు. ఆ గుత్తేదారు పేరే తాలూక్దారు. వచ్చే ఏడు తన చేతిలో ఉంటుందో లేదో తెలియని తాలూకా కాబట్టి, ఉన్న ఏడాదిలోనే పిండుకునేవాడు. జీతాలు ఇవ్వలేని దర్బారు కొన్ని తాలూకాల వసూళ్లను అరబ్బు జమేదార్లకు, రోహిల్లాలకు, షావుకార్లకు తాకట్టు రాసేసింది. ఖజానా ఎంతగా ఖాళీ అయిందంటే, హైదరాబాద్ కంటింజెంట్ పేరుతో ఈస్టిండియా కంపెనీ నిలిపిన ఫౌజు ఖర్చుల బాకీ తీర్చలేక నిజాం 1853 మే 21న బేరారును, రాయచూరు దోఆబును, ధారాశివ్ ప్రాంతాన్ని కంపెనీకి అప్పగిస్తూ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. పది రోజుల తర్వాత, మే 31న, 24 ఏళ్ల మీర్ తురాబ్ అలీఖాన్ దివాను అయ్యాడు. మనకు సాలార్ జంగ్‌గా తెలిసిన మనిషి ఈయనే.

సాలార్ జంగ్ చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది ఒక మాటకు అర్థం మార్చడం. తాలూక్దారు అనే పేరు అలాగే ఉంచి, ఆ పేరుగల మనిషిని గుత్తేదారు నుంచి జీతగాడిగా మార్చాడు. 1865లో జిలాబందీ జరిగింది. రాజ్యం జిల్లాలుగా ఏర్పడింది. జిల్లా మీద అవ్వల్ తాలూక్దారు, తాలూకా మీద తహసీల్దారు, ఊళ్లో మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ. అప్పటిదాకా తెలంగాణ మాగాణుల్లో బటాయి నడిచేది. కళ్లంలో రాశి పోసి, సర్కారు వాటా ఇంత, రైతు వాటా ఇంత అని పంచేవారు. దాన్ని ఎత్తేసి నగదు శిస్తు పెట్టారు. 1870ల నడిమికల్లా బొంబాయి పద్ధతి సర్వే మొదలైంది.

ఈ సర్వే ఎంత లోతుగా దిగిందో చెప్పడానికి గుంట అనే మాట ఒక్కటి చాలు. బొంబాయి సర్వే గొలుసు పొడవు 33 అడుగులు, దాన్ని పదహారు అణాలుగా భాగించేవారు. గొలుసు పొడుగు, గొలుసు వెడల్పు, అంటే 1,089 చదరపు అడుగులు ఒక గుంట. అలాంటివి నలభై అయితే ఎకరం. మద్రాసు సర్వే నడిచిన కోస్తాలో, రాయలసీమలో ఇవాళ్టికీ భూమిని సెంట్లలో చెబుతారు. ఎకరానికి వంద సెంట్లు. మనం గుంటల్లో చెబుతాం. ఏ దొర గొలుసు మన నేల మీద పరుచుకుందో ఆ లెక్క మన నోట్లో నిలిచిపోయింది. నేలను కూడా అణాలకే కట్టారు. పదహారణాల నేల అంటే లోతైన మంచి నల్లరేగడి. గరుసు ఉంటే అణాలు తగ్గుతాయి, చవుడు ఉంటే ఇంకా తగ్గుతాయి. ఇలా అణాలు కట్టి, నంబరు నంబరుకూ శిస్తు తేల్చి, ఉర్దూలో సేత్వార్ రాసిపెట్టారు. భూమి తగాదా వస్తే ఇప్పటికీ ఆ సేత్వార్ నకలు తీయించి, ఉర్దూ చదవగలిగిన పెద్దమనిషి కోసం వెతుక్కునే కుటుంబాలు జిల్లా జిల్లాకూ ఉన్నాయి.

దీనివల్ల రైతుకు మేలు జరిగిందా? జరిగింది. 1776లో ఆడమ్ స్మిత్ మంచి పన్నుకు నాలుగు గుణాలు చెప్పాడు. ఎవరి శక్తికి తగినట్టు వారి మీద పడాలి, ఎంత కట్టాలో ముందే తెలియాలి, కట్టేవాడికి వీలైన వేళ వసూలు చేయాలి, వసూలు ఖర్చు తక్కువ ఉండాలి. గుత్తల కాలంలో రెండో గుణం అసలు లేదు. ఈ ఏడు ఎంత లాగుతారో రైతుకే కాదు, లాగేవాడికీ తెలియదు. సర్వే తర్వాత తెలిసింది. నా చేనుకు ఇంత అని రైతు చెప్పగలిగాడు, అంతకుమించి అడిగితే కాదనడానికి కాయితం ఒకటి పుట్టింది. ఆ కాయితం విలువను నేను తక్కువ చేయను. తూర్పు తీరాన మోటుపల్లిలో 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం గొప్పతనం కూడా అక్కడే ఉంది. గాలివానకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును అంతకుముందు రాజులు బలవంతంగా పట్టుకునేవారు. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టనని ఆయన రాతి మీద మాటిచ్చాడు. ఎంత తీసుకుంటామో ముందే చెప్పి, దానికి కట్టుబడటం సర్కారు అనిపించుకోవడానికి మొదటి షరతు.

మూడో గుణం దగ్గర మాత్రం సాలార్ జంగ్ పద్ధతి దెబ్బతింది. బటాయిలో పంట పోతే సర్కారు వాటా కూడా పోయేది. కరువును ఇద్దరూ పంచుకునేవారు. నగదు శిస్తుకు వానతో పని లేదు. కిస్తు గడువు వచ్చేసరికి రూపాయలు కావాలి. కోత అయిన వెంటనే అందరూ ఒకేసారి అమ్మితే ధర పడుతుంది, పడిన ధరకే అమ్మాలి. చాలకపోతే షావుకారు. గింజల అప్పుకు నాగు అని పేరు, విత్తనాలప్పుడు తెచ్చిన గింజలకు కోతలప్పుడు అదనం కలిపి కొలిచి ఇవ్వాలి. శిస్తు కోసం చేసిన అప్పు చివరికి నేలనే మింగేది. సర్వే నాడే దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు ఊళ్లకు ఊళ్లు తమ పేర్ల రాయించుకున్నారు. తరతరాలుగా దున్నుతున్న మనిషి ఆ నేల మీదే శిక్మీదారు అయ్యాడు. పట్టాదారు కింద, అతని దయ మీద, అతనికి పాలు ఇచ్చుకుంటూ దున్నుకునేవాడన్నమాట. పట్టాదారు వేరు, దున్నేవాడు వేరు అనే చీలిక రాతలోకి ఎక్కింది అప్పుడే.

హైదరాబాద్ రాజ్యపు మాల్గుజారీ చట్టం 1317 ఫసలీలో, అంటే 1907 ప్రాంతంలో వచ్చింది. శిస్తు బాకీ పడితే ఏం జప్తు చేయాలో, ఎలా వేలం వేయాలో అందులో వివరంగా ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1908లో, ఇంగ్లండులో డెబ్బై ఏళ్లు దాటిన పేదలకు పింఛను చట్టం చేశారు. దాని ఖర్చుకు, యుద్ధ నౌకల ఖర్చుకు కలిపి 1909లో అక్కడి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జి పెద్ద భూస్వాముల మీద పన్ను వేయబోతే ప్రభువుల సభ బడ్జెట్టునే తిప్పికొట్టింది. అక్కడ తగువు, ఉన్నవాడి దగ్గర తీసి ముసలివాడికి ఇవ్వాలా వద్దా అని. ఇక్కడ ముసలివాడికి ఇవ్వడమనే ఊహే సర్కారు పుస్తకాల్లోకి రాలేదు. శిస్తు రూపాయి మీద ఒక అణా లోకల్ సెస్సు వేసేవారు. ఊళ్లకు బడి అయినా, బాట అయినా రావాలంటే ఆ అణాలోంచి రావాలి. ఆదాయపు పన్ను చట్టం 1357 ఫసలీ దాకా, అంటే నిజాం రాజ్యం దాదాపు ముగిసేదాకా రానే లేదు. వర్తకుడి లాభం, పెద్ద ఉద్యోగి జీతం పన్ను ఎరగకుండా గడిచిపోయాయి. రాజ్యాన్ని మోసింది శిస్తు, దాని తర్వాత ఆబ్కారీ. నేల దున్నినవాడూ, కల్లు తాగినవాడూ కలిసి హైదరాబాద్ కొలువును పోషించారు.

ఇది కూడా దివానీ ఊళ్ల, అంటే సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసిన ఊళ్ల మాటే. రాజ్యంలో సుమారు మూడో వంతు జాగీర్ల కింద ఉండేది, పదో వంతు నిజాం సొంత ఆస్తి సర్ఫెఖాస్. జాగీర్లలో దివానీ రేట్ల మీద ఇంకొంత వేసేవారు, పెళ్లికీ పండక్కీ కూడా నజరానా అడిగేవారు.

ఏ కాలమ్‌లోనూ కనిపించని పన్ను వెట్టి. ఊళ్లు తనిఖీ చేసే గిర్దావరు దౌరా మీద వస్తే కోడి కావాలి, కట్టెలు కావాలి, సామాను మోయడానికి మనిషి కావాలి, ముందు ఊరికి దారి చూపడానికి ఇంకో మనిషి కావాలి. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి గుడారం దగ్గర పని చేయాలి. పైసా ఉండదు, రసీదు ఉండదు. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం, మాడపాటి హనుమంతరావు గారి పూనికతో, వెట్టి మీద చిన్న పుస్తకాలు వేసి ఊళ్లకు పంచింది. సర్కారు నిషేధిస్తూ ఇచ్చిన ఉత్తర్వులు ఉన్నాయి, వాటిని చదివి తహసీల్దారుకు చూపించండి అని రైతుకు నేర్పింది. చేసినది చిన్న పని. ఆ రోజుల్లో అలాంటి కాయితం పట్టుకుని అధికారి ముందు నిలబడటానికి ఎంత గుండె కావాలో ఆలోచిస్తే చిన్నదనిపించదు.

ఇక మంజీర దగ్గరికి వద్దాం. డోంగ్లి చరిత్రలో పన్ను ఒక ఎత్తు, ఈ నది ఒక ఎత్తు.

1923 నుంచి 1931 వరకు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగులో మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. మొదట్లో దాని నిల్వ 29.72 టీఎంసీలు, ఆయకట్టు 2,75,000 ఎకరాలు. సర్కారు పన్ను సొమ్ముతో నేల రాత మార్చవచ్చని హైదరాబాద్ రాజ్యంలో ఇంతకన్నా గట్టిగా చూపించిన పని నాకు కనిపించదు. కుడిగట్టు కాలువ బాన్సువాడ, వర్ని, బోధన్ మీదుగా నిజామాబాద్ వైపు సాగింది. కుష్కీ తరీ అయింది. కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఇప్పటికీ ఆ ఊళ్ల పేర్ల చివర క్యాంపు అనే ఉంటుంది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నిలబడింది. చెరకు పండింది, చక్కెర వచ్చింది, తరీ శిస్తు రూపంలో పెట్టుబడి ఖజానాకు తిరిగి వచ్చింది.

అవతలి గట్టున మద్నూరు, బిచ్కుంద, డోంగ్లి ఉన్నాయి. ఆ కాలువ చుక్క ఇటు రాలేదు. డోంగ్లి వైపు నుంచి చూస్తే నది ఒకటే, దొర ఒకడే, శిస్తు పుస్తకం ఒకటే. ఆ ఒడ్డున వరి, చెరకు. ఈ ఒడ్డున వాన మీద ఆధారపడ్డ నల్లరేగడి, జొన్న, పత్తి, కంది. ఇటువైపు నీళ్లిస్తామన్న లెండి ప్రాజెక్టు మహారాష్ట్రతో ఉమ్మడిగా మొదలై దశాబ్దాలు నానింది. నేను దీన్ని కుట్ర అనను. నేల వాలు, కాలువ దారి ఇంజనీరు చేతిలో కూడా ఉండవు. కానీ ఎవరి పన్ను ఎవరి చేనుకు నీరైంది అనే ప్రశ్నను ఈ ఒడ్డున నిలబడి అడిగే హక్కు డోంగ్లి రైతుకు ఉంది. సర్కారు ఖర్చుపెట్టిన ప్రతి చోటా ఒక ఈ ఒడ్డు, ఒక ఆ ఒడ్డు ఉంటాయి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. పంటలో కొంత సర్కారుకు తప్పనిసరిగా కొలవాలనే ధాన్యం లెవీ వచ్చింది. పట్వారీ రాతలో పెద్దవాడి పంట తక్కువై, చిన్నవాడి పంట ఎక్కువై, చిన్నవాడి గాదె ముందు ఊడ్చుకుపోయింది. నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో ఆ కోపం వెట్టి మీది కోపంతో కలిసి 1946లో రైతుల సాయుధ పోరాటమైంది. ఆ కథ ఇక్కడ చెప్పను.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారతదేశంలో కలిశాక పనులు వేగంగా జరిగాయి. 1949లో సర్ఫెఖాస్ సర్కారులో కలిసింది, ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఏళ్ల తరబడి దున్నుతున్న కౌలుదారుకు రక్షిత కౌలుదారు అని పేరు పెట్టి, అతన్ని తీసేయకుండా అడ్డం వేసింది. ఆ తర్వాతి సవరణలతో కొన్ని షరతుల మీద నేల అతని సొంతమయ్యే దారి కూడా తెరిచింది. 1954-55లో ఊరూరా చేను చేనూ తిరిగి రాసిన ఖాస్రా పహాణీకి కోర్టుల్లో ఈనాటికీ అంత విలువ ఉండటానికి కారణం ఇదే. ఆ ఏడాది ఆ నేల ఎవరి చేతిలో ఉందో అది చెబుతుంది. అనుభవదారు కాలమ్‌కు మన చరిత్రలో అంత బలం ముందూ లేదు, తర్వాతా లేదు.

ఆ బలమే దానికి శత్రువైంది. కౌలుదారు పేరు రాస్తే రేపు నేల పోతుందేమో అన్న భయం పట్టాదారుల్లో పుట్టింది. అందులో అబద్ధం లేదు, చట్టం అలాగే ఉంది. అప్పటి నుంచి తెలంగాణలో కౌలు నోటిమాట అయిపోయింది. ఉగాది నాటికి ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటారు, సాక్షిగా ఇంకో మనిషి ఉంటాడు, కాయితం ఉండదు. పదెకరాల పెద్దమనిషే కాదు, పట్నంలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ రెండెకరాలు కౌలుకిచ్చిన వితంతువు కూడా అదే భయంతో రాయించదు. ఆమెను తప్పు పట్టలేం. పేదవాడికి మేలు చేసిన చట్టమే పేదవాడిని రాతలోంచి బయటికి నెట్టింది. ఇది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

1956 నవంబరు 1న హద్దు మారింది. అప్పటిదాకా నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలో ఉన్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు రాష్ట్రాల పునర్విభజన చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి, దెగ్లూరు బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. నిజాం కాలంలో మద్నూరు నుంచి దెగ్లూరు సంతకు పోయే బండికి నడుమ సుంకం నాకా లేదు. రెండూ ఒకే రాజ్యం. కొత్త గీత పడ్డాక అమ్మకం పన్ను చెక్‌పోస్టు వచ్చింది. సలాబత్‌పూర్ దగ్గర లారీల వరుస ఈ ప్రాంతంలో ఒక తరం మొత్తం చూసిన దృశ్యం. 2017 జులై 1న జీఎస్టీ రావడంతో ఆ పన్ను గేటు లేచిపోయింది. గీత మాత్రం భూమి పుస్తకాల్లో ఉండిపోయింది. ఇటు పహాణీ, అటు సాత్‌బారా. ఏడో నమూనాలో హక్కు, పన్నెండో నమూనాలో పంట. రెండూ కలిపి 7/12. 2021 ఆగస్టు 15 నుంచి మహారాష్ట్రలో రైతు తన ఫోన్లో తానే పంట నమోదు చేసుకునే ఏర్పాటు పెట్టారు. దాని పేరు ఈ-పీక్ పాహణీ. మాట మళ్లీ అక్కడే తేలింది, వెళ్లి చూడటం.

మన వైపు, 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో పటేల్ పట్వారీ వ్యవస్థను తీసేసింది. తరాలుగా ఒకే ఇంట్లో ఉన్న దస్తరం సర్కారుకు చేరింది. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. డోంగ్లి మద్నూరు మండలంలో ఉండి, 2022లో తానే మండలమైంది; ఇప్పుడు కామారెడ్డి జిల్లా, బాన్సువాడ డివిజను. ఒకప్పుడు తహసీలు పనికి మద్నూరు పోయిన ఊళ్లకు ఇది చిన్న మేలు కాదు.

శిస్తు సంగతి ఈలోగా మారిపోయింది. భూమిశిస్తు ఖజానా లెక్కల్లో చిన్నదై, ఇంకా చిన్నదై, చివరికి ఎవరూ అడగనిదైంది. 1988 నీటి పన్ను చట్టం తర్వాత కాలువ నీళ్లవాడికి నీటి తీరువా మిగిలింది, అదీ తర్వాత వదులైపోయింది. సర్కారుకు సొమ్ము వేరే దారిన రావడం మొదలైంది, అమ్మకం మీద, మద్యం మీద, పెట్రోలు మీద, ఆస్తి రిజిస్ట్రేషన్ల మీద. పహాణీ అనే పన్ను పుస్తకానికి పన్ను పని లేకుండా పోయింది.

అప్పుడు దానికి కొత్త పని దొరికింది. 2017 సెప్టెంబరు 15న భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు ప్రారంభమైంది; పంటకు ఎకరానికి 4,000 రూపాయలు, మొదటి విడత చెక్కుల రూపంలో. 2019లో అది 5,000 అయింది. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో ఎకరానికి ఏడాదికి 12,000. ఏ సర్వే నంబరు పక్కన సాలార్ జంగ్ మనుషులు అణాల్లో శిస్తు రాశారో, అదే నంబరు పక్కన సర్కారు ఇప్పుడు వేలల్లో ఇస్తోంది. రైతును పీడించడానికి తప్ప సర్కారు గడప తొక్కదని నమ్మిన తాతల ఊళ్లో, మనవడి ఫోనుకు సర్కారు డబ్బు పడిందని మెసేజి వస్తోంది. ఇది పెద్ద మార్పు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ ఆ ప్రక్షాళనలోనే, కొత్త పాసుపుస్తకాలు వచ్చేటప్పుడే, అనుభవదారు కాలమ్ ఎత్తేశారు. 2020 అక్టోబరులో వచ్చిన భూ రికార్డుల పోర్టల్ ధరణిలోనూ దానికి చోటు లేకపోయింది. ఆ కాలమ్ వల్ల తగాదాలు పెరుగుతున్నాయని, పైరవీలతో దొంగ పేర్లు ఎక్కుతున్నాయని సర్కారు కారణం చెప్పింది. అలా ఎక్కిన మాట నిజమే. అయితే దొంగ పేర్లతోపాటు అసలు పేర్లూ పోయాయి. రైతుబంధు పట్టాదారుకు వచ్చింది, కౌలుదారుకు రాలేదు. ఎకరాలకు పరిమితి కూడా లేకుండా మొదలైంది కాబట్టి, ఎంత ఎక్కువ నేల ఉంటే అంత ఎక్కువ డబ్బు. దున్నినా దున్నకపోయినా వచ్చింది.

డోంగ్లి వైపు నల్లరేగడిలో పత్తి వేసిన కౌలు రైతును తలచుకోండి. పురుగుమందు డబ్బా కొంటే బిల్లులో 18 శాతం జీఎస్టీ, ఎరువు బస్తా మీద 5 శాతం. మోటారుసైకిలు ట్యాంకులో పోయించుకున్న ప్రతి లీటరు పెట్రోలులో రాష్ట్రపు వ్యాట్ ఉంది. పన్ను కట్టేటప్పుడు అతని పేరు ఎవరూ అడగరు, పట్టా ఉందా అని చూడరు. ఖజానాలో అతని రూపాయి తప్పకుండా ఉంటుంది. ఆ రూపాయి తిరిగి వచ్చే వేళకు మాత్రం పేరు కావాలి, పేరు రాయడానికి కాలమ్ లేకుండా పోయింది. లాయిడ్ జార్జి పోట్లాడిన లెక్క ఇక్కడ తలకిందులైంది. నేల లేనివాడు కట్టినది నేల ఉన్నవాడికి చేరే దారి ఒకటి ఏర్పడింది. ఈ లోటును చూసే 2025లో భూమి లేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 రూపాయలు ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పెట్టారు. అది కూలీకి. గుంటో రెండు గుంటలో సొంతం ఉండి, ఐదెకరాలు కౌలుకు చేసే మనిషి అటూ కాడు, ఇటూ కాడు.

దారి లేక కాదు. 2011లోనే ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం చేశారు. పట్టాదారు హక్కుకు ఏ ముప్పూ లేకుండా, ఒక్క ఏడాదికి మాత్రం చెల్లే రుణ అర్హత కార్డు కౌలుదారుకు ఇవ్వాలని అందులో ఉంది. 1950 నాటి భయాన్ని ఎరిగి రాసిన చట్టం అది. హక్కు ఒక పుస్తకంలో, సాగు ఇంకో పుస్తకంలో ఉండాలన్న తెలివి దానిలో ఉంది. మొదటి రెండు మూడేళ్లు కార్డులు ఇచ్చారు. బ్యాంకులకు వాటి మీద అప్పు ఇవ్వడానికి చేయి రాలేదు, ఆ తర్వాత ఆ చట్టం పుస్తకంలోనే నిలిచిపోయింది. దాన్ని బయటికి తీసి అమలు చేయమని అడగడం కొత్త కోరిక కాదు.

పత్తి ఏరిన రోజుల్లో ఒక కొనుగోలు కేంద్రం దగ్గర కాసేపు నిలబడితే ఈ వ్యవహారమంతా కళ్లకు కడుతుంది. కాంటా దగ్గర ట్రాలీ ఆగింది. దాని మీంచి దిగిన మనిషి చేతులు పత్తికాయ ముళ్లకు గీరుకుపోయి ఉన్నాయి. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు, పట్టాదారు ఆధార్ జిరాక్సు బయటికి తీశాడు. తేమ చూశారు, తూకం వేశారు, రాశారు. కంప్యూటర్ దగ్గరి అబ్బాయి తక్‌పట్టీ చేతికిచ్చాడు. ఆయన దాన్ని తిప్పి చూసి, పక్కనున్న కొడుకును అడిగాడు:

"ఎవరి పేరు రాసిండ్రు బిడ్డా?"

"పటేలు పేరే, నాయినా."

కాయితం మడిచి మళ్లీ అదే కవర్లో పెట్టుకున్నాడు. డబ్బు పటేలు ఖాతాలో పడుతుంది. పడ్డాక వెళ్లి అడిగి తెచ్చుకోవాలి.